దీపం ముందు తగ్గిన బీపీ

మా ఊళ్లో బీపీ జబ్బును మందులతో కాదు, ఆర్డరుతో తగ్గించారు. ఎలా తగ్గించారో చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడక్కుండా చెప్పడం నాకు అలవాటు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మెడలో విజిలు తీసేశాను గానీ గొంతులోది తియ్యలేకపోయాను. నా కోపం సంగతి ఊరంతటికీ తెలుసు.

మాది పెదమెరక. కాలవ గట్టున చిన్న మునిసిపాలిటీ. ఇక్కడి మునిసిపల్ ఆసుపత్రిలో నెలకో మంగళవారం బీపీ వాళ్లకు నెలమాత్రలు ఇస్తారు. వెళ్లి బల్ల మీద కూర్చుంటే చేతికి పట్టీ చుట్టి గాలి కొడతారు. డాక్టరమ్మ చీటీ మీద టిక్కు పెడుతుంది. కిటికీ దగ్గరకు వెళ్తే మళ్లీ నెల మంగళవారం దాకా సరిపడా మాత్రలు చేతిలో పెడతారు. ఏళ్ల తరబడి ఇలా ఎవరికీ ఇబ్బంది లేకుండా నడిచింది. ఎవరికీ ఇబ్బంది లేకుండా నడిచే పని పైవాళ్ల కంట పడకుండా ఎన్నాళ్లుంటుంది?

పడింది. ఒక మంగళవారం ఆసుపత్రి వరండాలో షామియానా వేశారు. ప్రాంతీయ స్వస్థతా పర్యవేక్షణాధికారి శ్రీ జలసూత్రం విశ్వపతి గారు జీపు దిగారు. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని మాకు అప్పటిదాకా తెలియదు. తెలియని రోజుల్లో సుఖంగానే ఉన్నాం.

"మిత్రులారా," అన్నారాయన మైకు పట్టుకుని. "మా సమీక్షలో ఒక దిగ్భ్రాంతికరమైన అంశం వెలుగులోకి వచ్చింది. ఈ కేంద్రంలో రోగులు సంవత్సరాల తరబడి అవే మందులు తీసుకుంటున్నారు. మందు పనిచేస్తుంటే ఇన్నేళ్లు ఎందుకు? పనిచేయకపోతే అసలు ఎందుకు?"

మా వాళ్లు చప్పట్లు కొట్టారు. మైకులో ప్రశ్న వినిపిస్తే చప్పట్లు కొట్టడం మా ఊరి మర్యాద.

డాక్టరు హిమబిందు చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. లేచి నిలబడి మెల్లగా చెప్పింది. "సార్, బీపీ నయమైపోయే జబ్బు కాదు. అదుపులో పెట్టుకునే జబ్బు. వీళ్లు మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే అదుపులో ఉంది."

"డాక్టరు గారూ, నిరాశావాదం వైద్యవృత్తికి శోభనివ్వదు," అన్నారు విశ్వపతి గారు. "అదుపులో ఉన్నదంటే లేనట్టే. లేనిదానికి మందు ఇవ్వడం ప్రజాధన దుర్వినియోగం. ఇక మీదట పరీక్షలో బీపీ సక్రమంగా ఉన్నవారిని స్వస్థులుగా ప్రకటించి మాత్రలు నిలుపుదల చేయాలి. ఎక్కువగా ఉన్నవారిని మాత్రమే రోగులుగా పరిగణించాలి."

గొడుగు కింద ఉన్నవాడు తడవలేదు కాబట్టి గొడుగు లాక్కోవచ్చు. ఆర్డరులో ఉన్నదంతా ఇదే. కాకపోతే అది పద్నాలుగు పేరాల్లో ఉంది.

ఆ రోజే అమలు మొదలైంది. కిళ్లీకొట్టు వీర్రాజు నెలనెలా మాత్రలు తీసుకెళ్లి కొట్లో గల్లాపెట్టె మీద పెట్టుకోవడమే గానీ ఒక్కటి మింగి ఎరగడు. అతనికి బీపీ ఆకాశంలో ఉంది. కాబట్టి అతను రోగి. అతనికి మాత్రలు ఇచ్చారు. అధికారితో వాదించి వాదించి నాదీ పైకి పోయింది. నాకూ ఇచ్చారు. మా ఆవిడ సీతామాలక్ష్మి ఏళ్లుగా తెల్లారి కాఫీ తాగిన గ్లాసు కడిగి, అందులోనే నీళ్లు పోసుకుని మాత్ర మింగే మనిషి. ఒక్క పూట తప్పలేదు. ఆవిడకు సక్రమంగా ఉంది. "స్వస్థురాలు" అన్నారు.

సీత సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఆవిడ గొంతు పెంచగా నేను వినలేదు. ఆ పని మొత్తం నేనే చూసుకునేవాణ్ణి. నేను అరిచి అలిసిపోయాక మంచినీళ్లు తెచ్చిచ్చి, "అయిందా అండీ?" అని అడుగుతుంది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవడానికి. మెత్తటి మనిషే గానీ మాట ఇస్తే మాత్రం రాయి. పెళ్లయిన కొత్తలో కాశీ వెళ్లినప్పుడు గంగలో నిలబడి పనసతొనలు వదిలేసింది. అందరూ తమకు గిట్టని కాకరకాయో కందో వదిలేస్తే ఈవిడ ప్రాణం పెట్టి తినేదాన్ని వదిలింది. ఈనాటికీ ఎదురింట్లో పనసకాయ కోస్తే కిటికీ వేసుకుంటుంది.

ఇలాంటి మనిషిని తీసుకెళ్లి దీపం ముందు నిలబెట్టారు.

ఆ తర్వాతి శుక్రవారం మునిసిపల్ కల్యాణమండపంలో స్వస్థుల అభినందన సభ పెట్టారు. వెనకాల "రక్తపోటుపై విజయం" అని గుడ్డ కట్టారు. ఇత్తడి కుంది తెచ్చి విశ్వపతి గారి చేత జ్యోతి వెలిగించారు. మన సభల్లో దీపం లేకుండా మైకైనా పలకదు కదా. తర్వాత స్వస్థులందరినీ ఆ దీపం చుట్టూ నిలబెట్టి, తనతో పాటు అనమని చదివించారు ఆయన.

"నేను స్వస్థత పొందితిని. ప్రభుత్వ వైద్యసేవల వలన నా రక్తపోటు నయమైనది. నేటి నుండి నేను రక్తపోటు మాత్రలు వాడనని ఈ జ్యోతి సాక్షిగా ప్రమాణం చేయుచున్నాను."

తక్కినవాళ్లు సగం అని సగం మింగారు. శాలువాలు ఎటువైపు నుంచి వస్తాయో చూసుకుంటున్నారు. సీత ఒక్కతే కళ్లు మూసుకుని, ప్రతి మాటా విడివిడిగా అంది. నేను మూడో వరసలో కూర్చుని చూస్తున్నాను.

ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే చెప్పాను. "రేపట్నుంచి మందులషాపులో కొనుక్కొస్తాను. అదే మాత్ర. అది వేసుకో."

"వద్దండీ."

"ఆ విశ్వపతికి ఏం తెలుసే? వాడు వైద్యుడా, వల్లకాడా? డాక్టరమ్మ అక్కడే మొత్తుకుంది, విన్నావు గదా."

"విన్నానండీ. ఆయనకి తెలీదేమో. అయినా దీపం ముందు అనేశాను గదా. అనేసి చాటుగా మింగమంటారా?"

"ఆళ్లందరూ అన్నారు. రేపు పొద్దున్నే అందరూ షాపు దగ్గర ఉంటారు, చూడు."

"ఆళ్లు అన్నది ఆళ్ల మాటండీ. నేనన్నది నా మాట."

నేను అరిచాను. గోడమీద కేలండరు ఊగేంత అరిచాను. ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఇక లాభం లేదని మాత్ర నూరి మజ్జిగలో కలిపాను. ఒక గుక్క తాగి, చేదు కనిపెట్టి, గ్లాసు కింద పెట్టింది. మర్నాటి నుంచి మజ్జిగ తనే కలుపుకోవడం మొదలుపెట్టింది. పెళ్లయినప్పట్నుంచీ ఆవిడ నన్ను అనుమానించిన సందర్భం అదొక్కటే.

ఇక ఊరి సంగతి. శాలువా కప్పించుకున్నవాళ్లు మాత్రలు పోయాయని ఏడుస్తుంటే, మాత్ర ముట్టని వీర్రాజు గల్లాపెట్టె మీద కొత్త మాత్రల పట్టీలు మిలమిలలాడుతున్నాయి. జనానికి ఇంతకంటే చదువు అక్కర్లేదు. మళ్లీ నెల మంగళవారానికి ఊరు ఊరంతా తయారైంది. కొందరు ముందురోజు నుంచి ఉప్పుచేపా ఊరగాయా తప్ప ఇంకోటి ముట్టలేదు. కొందరు వాటర్ ట్యాంకు మెట్లెక్కి దిగి, ఒగరుస్తూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. తెలివైనవాళ్లు నూకరత్నం దగ్గరకు వెళ్లారు.

నూకరత్నం వీధి కుళాయి దగ్గరి మనిషి. ఆవిడ నోరు తెరిస్తే వీధిలో తలుపులు మూసుకుంటాయి. ఇన్నాళ్లూ ఊరికి పీడగా ఉన్న నోరు ఆ రోజు ఊరికి వైద్యమైంది. ఆసుపత్రి గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. జనం వరసలో నిలబడ్డారు.

"నన్ను కాస్త గట్టిగా తిట్టు నూకరత్నం. పోయిన నెల నాది మరీ తక్కువొచ్చింది," అన్నాడు బియ్యం కొట్టు కామేశం, చేతులు కట్టుకుని.

"నిన్నేటి తిట్టేది కామేసం? నువ్వు తిట్టుకి కూడా పనికిరావు. మీ నాన్న తూకంలో మోసం చేసి మేడ కట్టేడు. నువ్వు అదే తూకంలో మోసం చేసి ఆ మేడ అమ్ముకున్నావు. మోసం చెయ్యడం కూడా సరిగ్గా రాని ఎదవ్వి నువ్వు."

కామేశం ముఖం కందగడ్డయింది. "సాలు, సాలు, దిగిపోద్ది మళ్లీ," అంటూ లోపలికి పరుగెత్తాడు. నూట డెబ్భై వచ్చింది. మాత్రలు పుచ్చుకుని, బయటికొచ్చి నూకరత్నానికి దండం పెట్టాడు.

ఆ రోజు పెదమెరకలో స్వస్థుడనేవాడు లేడు.

సీత ఈ గోలలోకి రాలేదు. వరండాలో ఒక మూల కూర్చుని, వెంట తెచ్చుకున్న చిక్కుడుకాయలు గిల్లుకుంటోంది. మాత్రల కోసం రాలేదు. పది రోజులుగా తల వెనక బరువుగా ఉందంటే నేనే లాక్కొచ్చాను. డాక్టరమ్మ పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముఖం మారింది. పట్టీ విప్పి మళ్లీ చుట్టి మళ్లీ కొట్టింది.

"అమ్మా, మాత్రలు మానేశారా?"

"మానేశానమ్మా. నయమైందన్నారు గదా."

"ఎవరో అంటే మానేస్తారా? ఇది చాలా ఎక్కువుంది. ఇప్పుడే మాస్టారి చేత బయట తెప్పించుకుని, నా ఎదురుగా వేసుకోండి."

"దీపం ముందు అన్నానమ్మా, వాడనని."

"అయితే నేను చెప్తున్నాను. ఆ ప్రమాణం చెల్లదు. సరేనా?"

సీత నవ్వింది. "మీరు అనిపించలేదు గదా తల్లీ. అనిపించినాయన అనాలి, ఇక అక్కర్లేదని. ఆయనొక్క మాటంటే ఇక్కడే మింగుతాను. నాకేం పంతమా?"

డాక్టరమ్మ నావైపు చూసింది. తల్లి తిట్టిన పిల్లలా ఉంది ముఖం. "విశ్వపతి గారు గురువారం వస్తున్నారు మాస్టారూ. ఈ నెల లెక్కలు చూసి మండిపడుతున్నారట. అప్పుడు తీసుకురండి. మధ్యలో ఏమన్నా తేడాగా ఉంటే వెంటనే కబురు చెయ్యండి."

ఒక్క మాట. ఆ పెద్దమనిషి నోటినుంచి ఒక్క మాట రావాలి. అంతే కావలసింది. నా జీవితంలో ఇంత చిన్న పని మీద ఏ ఆఫీసుకీ వెళ్లలేదు. చిన్నదే కదా అని సంబరపడ్డాను కూడా.

గురువారానికి ఆసుపత్రి రూపు మారిపోయింది. మందుల గదిలో పెట్టెలన్నీ వరండాలోకి చేరాయి. ఆ గదికి "ప్రశాంతీకరణ మందిరం" అని బోర్డు పెట్టారు. లోపల చాపలు, అగరొత్తులు, టేపులో వేణునాదం. బీపీ చూపించుకోవలసినవాళ్లు ముందుగా అక్కడ కళ్లు మూసుకుని కూర్చోవాలి. మందులు పెట్టెల్లో ఎండుతుంటే రోగులు లోపల చల్లబడుతున్నారు. కొందరు గురకలు పెడుతున్నారు.

విశ్వపతి గారు డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ నిలబడి ఉంది.

"ఈ కేంద్రంలో కృత్రిమ రక్తపోటు ఉత్పత్తి జరుగుతున్నట్టు మా దృష్టికి వచ్చింది," అన్నారు, మేమింకా కూర్చోకముందే. "కావున, ప్రశాంతీకరణ అనంతరం కూడా తగ్గని రక్తపోటును, అన్యథా రుజువైతే తప్ప, కోపజన్యంగా భావించవలెనని నిర్ణయించాం. కోపానికి మాత్రలు మంజూరు చేయు అధికారం మాకు లేదు. మీ పేరు?"

"సీతామాలక్ష్మి అండి. బాబూ, నేను మాత్రల కోసం రాలేదు. మీతో ఒక్క మాట..."

"ప్రశ్నలు పూర్తయ్యాక. వేణునాదం విన్నారా?"

"విన్నానండి. బావుంది. బాబూ, ఆ రోజు దీపం..."

"అమ్మా, క్రమపద్ధతి అంటూ ఒకటుంటుంది. మీకు ఇటీవల కోపం వచ్చిందా?"

"రాలేదండి."

"ఎప్పుడూ?"

"నాకు రాదండి. ఎందుకో మరి."

ఆయన కళ్లజోడు సవరించుకుని డాక్టరమ్మ వైపు తిరిగారు. "కోపం రానివారికి రక్తపోటు ఇంత ఎందుకుంటుంది? అణచివేసుకుంటున్నారన్నమాట. అణచిన కోపం మరింత ప్రమాదకరం. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఆయనా, నేనూనండి."

ఆయన నన్ను చూశారు. పోయిన నెల షామియానా కింద వాదించింది నేనే అని గుర్తుపట్టారు. ముఖంలో వెలుగు వచ్చింది.

"మీరు ఇంట్లో కోప్పడతారా?"

"నా సంగతి అనవసరమండి. ఆవిడ మీతో ఒక మాట చెప్పుకోవాలని వచ్చింది. అది వినండి చాలు."

"అడిగినదానికి సమాధానం చెప్పండి."

"అదే చెబుతున్నానయ్యా. నువ్వు ఆవిడ చేత దీపం ముందు..."

"నువ్వు?" అన్నారాయన.

అంతే. ముప్పై ఏళ్లపాటు గ్రౌండు ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించిన గొంతు నాది. ఆ గదిలో ఇంకా బాగా వినిపించింది. గోడ అవతల వేణునాదం ఆగిపోయింది, నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చున్నారు. నేను ఏమన్నానో నాకు సరిగా గుర్తులేదు గానీ, దీపం మాట మాత్రం అందులో లేదు. తిట్లే ఉన్నాయి. సీత నా చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంది.

విశ్వపతి గారు చాలా తృప్తిగా కాగితం మీద రాసుకున్నారు. రాసినది పైకి చదివారు కూడా. "సదరు మహిళ రక్తపోటు వైద్య సమస్య కాదు. భర్త స్వభావం వలన ఉత్పన్నమైన కుటుంబ సమస్య. భర్తను ప్రశాంత దాంపత్య శిక్షణకు పంపవలెను. శిక్షణ పూర్తయినట్టు ధ్రువపత్రం సమర్పించిన పిమ్మట పునఃరోగి హోదాకు పై అధికారులకు సిఫారసు చేయబడును."

"బాబూ, ఆ హోదా వద్దండి," అంది సీత. "ఒక్క మాట చెప్తే..."

"తర్వాతి వారు," అన్నారాయన.

బయటికి వచ్చాక సీత నాతో అంది. "పోన్లెండి. పెద్దాయన పనిలో ఉన్నాడు. ఇంకోసారి అడుగుదాం." నాకప్పుడు ఏడుపొచ్చింది. కోపంలో ఎప్పుడూ రానిది అప్పుడే వచ్చింది.

డాక్టరమ్మ ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ప్రమాణం సంగతి చెప్పబోతే, ఆ విషయం రాతపూర్వకంగా పంపండి అన్నారట. రాసి పంపింది. పంపినదానికి నంబరు వచ్చింది.

నేను దాంపత్య శిక్షణకు వెళ్లాను. వెళ్లనని భీష్మించుకుంటే నష్టపోయేది ఎవరో నాకు తెలుసు. మండలాఫీసు వెనక గదిలో ఒక కుర్రాడు నాకు నవ్వడం నేర్పాడు. పెదాలు ఎంత సాగదీయాలో అద్దంలో చూపించాడు. భార్యను రోజుకోసారి మెచ్చుకోవాలన్నాడు. నేను ఇంటికొచ్చి చారు బావుందని చెబితే సీత కంగారుపడి, "ఒంట్లో బాలేదా అండీ?" అని నుదురు పట్టుకు చూసింది. శిక్షణ ఇంకో వారం ఉంది. ధ్రువపత్రం ఆఖరు రోజున ఇస్తారు. నేను బడిపిల్లాడిలా రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఒక ఉదయం నేను వీధి అరుగు మీద కూర్చుని నవ్వడం అభ్యాసం చేస్తున్నాను. లోపల గ్లాసు పడ్డ చప్పుడైంది. సీత గ్లాసు పడేసే మనిషి కాదు. వెళ్లేసరికి గుమ్మానికి ఆనుకుని కూలబడి ఉంది. నావైపు చూసి ఏదో అనబోయింది. మాట ఒక పక్కకు జారిపోయింది.

జిల్లా ఆసుపత్రిలో చాలా రోజులున్నాం. కుడి పక్క పడిపోయిందన్నారు. స్పృహ లేనప్పుడు వాళ్లు ముక్కులో గొట్టంలోంచి ఏ మందు పోశారో ఆవిడకు తెలియదు. స్పృహ వచ్చి, గొట్టం తీసి, నోటి ద్వారా మాత్ర ఇవ్వబోతే పెదాలు బిగించింది. అరటిపండులో పెడితే నాలుకతో వెతికి బయటికి తోసింది. అక్కడి డాక్టర్లు, రోగం తల మీద పనిచేసిందన్నారు. తల బాగానే ఉందని నేను చెప్పాను. ఎవరు వింటారు? సూదిమందుల మీదే నడిపించి ఇంటికి పంపారు. మాత్రలు వేసుకోకపోతే మళ్లీ వస్తుందన్నారు, ఈసారి వస్తే ఆశ పెట్టుకోవద్దన్నారు.

ఇంట్లోనూ అంతే. హిమబిందు డాక్టరు రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుని బతిమాలేది. సీత ఎడమచేత్తో ఆ పిల్ల బుగ్గ నిమిరేది. నోరు మాత్రం తెరిచేది కాదు.

అప్పుడు వచ్చారు విశ్వపతి గారు. మేము పిలవలేదు. పై నుంచి ఫైలు తిరిగివచ్చిందట. పెదమెరకలో మొట్టమొదటి పునఃరోగి హోదా మా ఆవిడకే మంజూరైందట. జీపు దిగి, వెనక ఫోటోగ్రాఫరూ ఇద్దరు విలేకరులూ రాగా మా ఇంట్లో అడుగుపెట్టారు. చేతిలో బంగారు రంగు కాగితం చుట్టిన మాత్రల పట్టీలు.

"ప్రభుత్వమే ఇంటి ముంగిటికి వచ్చిందమ్మా," అన్నారు మంచం పక్కన నిలబడి. "పక్షవాతం కోపజన్యం కాదని వైద్యమండలి స్పష్టం చేసింది. కావున మీ కేసులో సందేహానికి తావు లేదు. అందుకోండి."

సీత ఎడమచెయ్యి ఎత్తింది.

"అయ్యయ్యో, ఎడమచేత్తో కాదమ్మా," అన్నారు. "పేపర్లో పడుతుంది. కుడిచేత్తో తీసుకోండి, శుభం."

వాకిట్లో నిలబడ్డ నూకరత్నం, "ఓరి నీ..." అని ఆగిపోయింది. ఊరందరినీ తిట్టిన మనిషికి ఆ రోజు తిట్టు దొరకలేదు. నాకూ కోపం రాలేదు. అడుగంటిపోయింది. నేను దుప్పటి కింది నుంచి సీత కుడిచెయ్యి తీసి, మణికట్టు దగ్గర పట్టుకుని పైకెత్తాను. ఆయన పట్టీలు అందులో పెట్టారు. వేళ్లు ముడుచుకోలేదు. జారి కింద పడ్డాయి. ఫోటో సరిగా రాలేదని ఇంకోసారి ఇచ్చారు.

సీత ఆయన ముఖంలోకి చూస్తూ ఏదో అంది. సగం నోటితో అన్న మాట ఎవరికీ అర్థం కాలేదు. నాకు అయింది.

"దీపం ముందు మీరు చేయించిన ప్రమాణం సంగతి అడుగుతోందండి," అన్నాను. "మాత్రలు వాడనని చెప్పించారు కదా. ఇప్పుడు వాడొచ్చా అని."

ఆయనకు కాసేపు గుర్తు రాలేదు. తర్వాత నవ్వారు. మంచి మనసుతోనే నవ్వారు. "అదా? అది కార్యక్రమంలో భాగంగా రాసిందమ్మా. ప్రతి ఊళ్లోనూ చదివిస్తాం. నిజంగా పాటించమని ఎవరన్నారు?"

డాక్టరమ్మ గోడ వైపు తిరిగింది.

"అయితే వాడొచ్చునంటారా?" అన్నాను.

"నిరభ్యంతరంగా," అన్నారాయన. చేతి గడియారం చూసుకుంటూ జీపెక్కారు.

సీత చాలాసేపు గుమ్మం వైపే చూసింది. తర్వాత నావైపు తిరిగి నోరు తెరిచింది. అంత మాత్రానికి తెరవడానికే ఎంతో కష్టపడింది. మాత్ర నాలుక మీద పెట్టి చెంచాతో నీళ్లు పోశాను. సగం లోపలికి వెళ్లాయి. మిగతావి చెంప మీదుగా దిండులోకి కారిపోయాయి.